ఊరి రోగం ఎవరు చెప్పాలి?

'సమాజ ఆరోగ్య అవసరాల గుర్తింపు' అనే మాట ఇప్పుడు పథకాల కాగితాలన్నిట్లోనూ కనిపిస్తున్నది. వైద్యసేవల ప్రణాళికలో పాల్గొనడం ప్రజల హక్కని 1978 ఆల్మా ఆటా ప్రకటన అన్నది. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఊరి ఆరోగ్య ప్రణాళిక ఊళ్లోనే తయారు కావాలన్నది. మాట మంచిదే. మా పేచీ అంతా 'ఊరు' అన్న దగ్గరే.

ఊరిని ఆదర్శంగా చూపే ధోరణిని అంబేద్కర్ 1948 నవంబరులోనే రాజ్యాంగ సభలో తిప్పికొట్టాడు. అయినా సర్వే చేసేవాళ్లు ఊరినీ వాడనీ కలిపి ఒకే పటం గీస్తారు. ఎక్కడ గీస్తారు? రచ్చబండ దగ్గర, పంచాయతీ ఆఫీసులో. పొద్దున పదకొండు గంటలకు అక్కడ కూచోగలిగేదెవరు? నాట్లకో కలుపుకో పోయిన మాదిగ ఆడకూలీ కాదు గదా!

ఆపైన ఎక్కువమంది చెప్పిందే మొదటి అవసరమని వరస పెడతారు. పురుగుమందు కొట్టే కూలీ కళ్లమంటలు, మ్యాన్‌హోల్‌లో దిగేవాడి ఊపిరి ఎప్పుడూ కొద్దిమంది సంగతులే. ఓట్లు లెక్కేసినట్టు లెక్కేస్తే అవి ఎన్నటికీ పైకి రావు. పాకీపనిని 1993లో చట్టం నిషేధించింది. 2013లో ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. అయినా మురుగు గుంటల్లో చావులు ఆగలేదు. అవి మున్సిపాలిటీ సంగతి అంటారే తప్ప ఆరోగ్య సమస్య అనరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉంది. దానికి ఐరన్ మాత్ర ఇస్తారు. కూలి ఎంత, కంచంలో ఏముంది, పశుమాంసం తినేవాళ్లని అంటరానివాళ్లన్నదెవరు అన్న ప్రశ్నలు ఆ మాత్రలో పట్టవు. పైగా ఆ సర్వే ఎస్సీలందర్నీ ఒకే గడిలో వేస్తుంది. మాలలు, మాదిగలు, రెల్లీలు చేసే పనులు వేరు, ఆ పనులు తెచ్చే రోగాలూ వేరు.

మేమడిగేది పెద్ద శాస్త్రమేం కాదు. వాడవారీగా, పనివారీగా అడగండి. కూలి నుంచి తిరిగొచ్చాక రాత్రిపూట అడగండి. ఆడవాళ్లను విడిగా అడగండి. ఎందరు చెప్పారన్నదానికంటే ఏది ముందు ప్రాణం తీస్తున్నదో చూసి వరస పెట్టండి. ఆ పట్టికని వాడలోనే చదివి వినిపించండి. తప్పుంటే కొట్టేసే అధికారం వాడకే ఉండాలి.