పోర్ట్రెయిట్‌లో వెలుగు: ముఖభావాన్ని చదవడం ఎలా?

బుచ్చిరెడ్డిపాలెంలోనైనా, మీ ఊళ్లోనైనా పెద్దవాళ్లున్న ఇంటికి వెళితే గోడ మీద దండ వేసిన పటాలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు స్టూడియోలో రెండు వైపులా సమానంగా లైట్లు పెట్టి తీసినవే. పోలిక ఉంటుంది గాని, మనిషి మనసులో ఏముందో తెలియదు. అందువల్ల "నీడ ఉంటేనే భావం పలుకుతుంది" అనుకోవడం సులభం. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో మూడు ఉదాహరణలతో పరిశీలిద్దాం.

1. హోదాను చూపే వెలుగు

రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. ఆయన తీసిన ప్రభువుల చిత్రాలలో వెలుగు ముఖం మీద, దుస్తుల మీద, నగల మీద మృదువుగా పరచుకుంటుంది. గాజు పలకల కాలంలో స్టూడియోలో కూర్చున్నవారు కదలకుండా ఉండాలి. క్షణంలో మెరిసి పోయే నవ్వు చిక్కడం కష్టం. ఆ ముఖాల గాంభీర్యాన్ని లోపంగా లెక్కించకండి. ఆ చిత్రాలు చూపదలచింది హోదాను.

2. ఒకే ముఖం, రెండు భావాలు

'మాయాబజార్' (1957) ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. సినిమాలో క్లోజప్‌ను కదిలే పోర్ట్రెయిట్ అనుకోవచ్చు. వెన్నెల పడవ విహారంలో శశిరేఖ ముఖం మీది మెత్తని వెలుగును గమనించండి. అక్కడ భావం ఒక్కటే, అది నిలకడగా ఉంటుంది. తరువాత మాయా శశిరేఖను చూడండి. ఆడపిల్ల సిగ్గు, దాని వెనుక ఘటోత్కచుడి దర్పం, రెండూ సావిత్రి ముఖంలో క్షణక్షణం మారుతుంటాయి. అక్కడ ముఖంలో సగాన్ని నీడలో ముంచితే కనుబొమ ఎగరడం, పెదవి బిగుసుకోవడం మనకు అందవు. కనుక వేగంగా మారే భావానికి విశాలమైన వెలుగు కావాలి. నీడ పెరిగితే భావం పెరుగుతుందన్న సూత్రం ఇక్కడ నిలవదు.

3. కూర్చున్న మనిషి పాత్ర

1941 డిసెంబరులో ఒట్టావాలో యూసుఫ్ కార్ష్ తీసిన చర్చిల్ చిత్రం ప్రసిద్ధం. లైట్లన్నీ ముందే సిద్ధం చేసుకున్న కార్ష్, చివరి క్షణంలో చర్చిల్ నోట్లోని చుట్టను లాగేశారు. ఆ మొండి చూపు అప్పుడు వచ్చింది. అంటే భావం మనిషి నుంచి వస్తుంది. అందులో ఏ భాగం మనకు చేరాలో వెలుగు నిర్ణయిస్తుంది.

4. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న

మన పెళ్లి ఆల్బమ్‌లలో చామనఛాయ ముఖాలను తెల్లగా చూపడానికి వెలుగు అతిగా పోయడం మామూలైపోయింది. అలా చేస్తే కళ్ల కింది సన్నని గీతలు, నవ్వినప్పుడు బుగ్గన పడే మడత చెరిగిపోతాయి. రేపు ఆ ఇంట్లో మిగిలేది ఆ ఫొటోయే. పిల్లలు అందులో తమ అమ్మమ్మను గుర్తుపట్టగలగాలి. కాబట్టి ఒక పోర్ట్రెయిట్‌ను విమర్శించేటప్పుడు "బాగా వెలిగిందా?" అన్న ప్రశ్నతో ఆగకండి. "ఈ వెలుగు ఏమి చూపింది, ఏమి చెరిపింది?" అని అడగండి.

అభ్యాసం

మీ ఇంట్లో ఒక పెద్దావిడను మూడు విధాలుగా ఫొటో తీయండి.

అ) మధ్యాహ్నం నడినెత్తి ఎండలో. కళ్ల గుంటలలో నీడ ఎలా పడిందో చూడండి.

ఆ) ఉదయం కిటికీ పక్కన, వెలుగు ఒక వైపు నుంచే పడేటట్లు.

ఇ) అదే కిటికీ దగ్గర, రెండో వైపు తెల్ల పంచె పట్టుకొని.

ఫొటో తీసేటప్పుడు ఆమెను నవ్వమని అడగకండి, కబుర్లు చెప్పించండి. తరువాత మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏ ఫొటోలో ఆమె మాట్లాడుతున్నట్లు అనిపిస్తుందో, ఎందుకో పది వాక్యాలలో రాయండి.