‘మిస్సమ్మ’ చిత్రమున కపటదాంపత్యము

హాస్యమునకు ఆయుర్దాయము తక్కువ యను అభిప్రాయము లోకమున బలముగా నున్నది. ఏడిపించు కృతులు తరతరములు నిలుచుననియు, నవ్వించు కృతులు తాము పుట్టిన కాలముతోడనే అణగిపోవుననియు అందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. నవ్వునకు ఆధారము ఒక ఆచారమో, ఒక వేషమో, ఒక పలుకుబడియో అయి యుండును. అది మారినంతనే నవ్వును మాసిపోవును. అయినను 1955 జనవరి 12వ తేదీన విడుదలయైన ‘మిస్సమ్మ’ చిత్రము ఈ సూత్రమునకు లొంగలేదు. డెబ్బది యేండ్లు నిండిన పిమ్మటను తెలుగు కుటుంబములలో తాతయు మనుమడును కలసి కూర్చుండి చూచి, ఒకే చోట నవ్వగల చిత్రములలో ఇది యొకటిగా నిలిచియున్నది. ఈ దీర్ఘాయువునకు కారణమేమో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

సామాన్యముగా చెప్పబడు కారణములు మూడు: నటీనటుల ప్రతిభ, సాలూరి రాజేశ్వరరావు సంగీతము, పింగళి నాగేంద్రరావు మాట. ఈ మూడును సత్యములే. కాని ఇవి ‘మిస్సమ్మ’ మంచి చిత్రమగుటకు కారణములగునుగాని, మరల మరల చూడదగిన చిత్రమగుటకు చాలవు. గొప్ప నటులును, తీయని పాటలును ఉండియు మరుగునపడిన చిత్రములు ఆ దశాబ్దమునందే పెక్కు గలవు. కథయంతయు కంఠస్థమైన ప్రేక్షకుడు మరల దానియొద్దకు వచ్చుచున్నాడనగా, ఆ కథ నిర్మాణమునందే ఏదో విశేష ముండవలెను. ఆ విశేషము ఇది: ఈ చిత్రమున పాత్రలు పలుకు అబద్ధము లన్నియు, వారి ప్రయత్నము లేకయే, క్రమక్రమముగా నిజములగుచున్నవి.

ముందుగా చిత్రమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. విజయా సంస్థ పక్షమున నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ఈ చిత్రమునకు దర్శకుడు ఎల్. వి. ప్రసాద్. ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లే నిర్వహించెను. కథకు మూలములు వంగభాషలో గలవు. రవీంద్రనాథ మైత్ర రచించిన ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ అను హాస్యకృతినుండి దొంగదంపతుల వృత్తాంతమును, శరదిందు బందోపాధ్యాయుని ‘డిటెక్టివ్’ నుండి అపరాధపరిశోధకుని వృత్తాంతమును గ్రహించి చక్రపాణి రెంటిని ఒక్కటిగా అల్లెను. శరచ్చంద్రుని నవలలను తెనిగించిన చక్రపాణికి వంగసాహిత్యము పరాయి వస్తువు కాదు. ఆయన తెచ్చినది కథాబీజము మాత్రమే. దానిని నాటిన నేల తెలుగునేల.

కథ సుపరిచితమే యైనను దాని కీలును చూపుటకు సంగ్రహముగా చెప్పుదును. అప్పాపురము జమీందారు గోపాలము బాల్యముననే తప్పిపోయిన తన పెద్దకూతురు మహాలక్ష్మి పేర ఒక పాఠశాలను నడుపుచుండును. దానికి బి. ఏ. చదివిన దంపతులు ఉపాధ్యాయులుగా కావలెనని ప్రకటన వెలువడును. మద్రాసులో నిరుద్యోగియైన ఎం. టి. రావు అను హిందూ యువకుడును, అప్పుల బాధచేతను, ఆ అప్పును అడ్డుపెట్టుకొని తన్ను పెండ్లాడజూచు డేవిడు బాధచేతను చిక్కువడిన మేరీ అను క్రైస్తవ యువతియు భార్యాభర్తలమని చెప్పి ఆ ఉద్యోగములలో చేరుదురు. తోడుగా దేవయ్య యను చమత్కారి. జమీందారు దంపతులు వారిని కన్నబిడ్డవలె, అల్లునివలె ఆదరింతురు. జమీందారు మేనల్లుడు రాజు తన్ను తాను గొప్ప పరిశోధకునిగా భావించుకొనుచు, మేరీయే మహాలక్ష్మి యని కనిపెట్టును. మేరీ రావులును, జమీందారు చిన్నకూతురు సీతయు రాజును దంపతులగుటతో కథ ముగియును.

ఇప్పుడు ఆ ఇంటిలో పలుకబడిన మాటలను ఒక్కొక్కటిగా పరీక్షింతము. రావు మేరీని భార్య యనుచున్నాడు, అది అబద్ధము. గోపాలము ఆమెను బిడ్డా యని పిలుచుచున్నాడు. అది వాత్సల్యముచేత పలికిన మాటయే గాని అక్షరార్థమున నిజము కాదని అతడును ఎరుగును. రావును అల్లుడని మన్నించుచున్నాడు. అది అబద్ధముమీద నిలిచిన మర్యాద. చిత్రము ముగియునప్పటికి ఈ మూడు మాటలలో అబద్ధముగా మిగిలినది ఒక్కటియు లేదు. ఆమె బిడ్డయే, అతడు అల్లుడే, వారు దంపతులే. లోకమున సత్యమును దాచుటకు మాట ఉపకరించును. ఇక్కడ దాగియున్న సత్యమును మాట ముందుగానే బయటపెట్టుచున్నది. పలుకువారికి ఆ సంగతి తెలియదు. తెలిసినవాడు ప్రేక్షకుడొక్కడే.

అందుచేతనే ఈ చిత్రము రెండవమారు చూచినపుడు మొదటిమారుకంటె ఎక్కువ రుచించును. కథ తెలియనివానికి గోపాలము పిలుపు ఒక మంచివాని చనువు; కథ తెలిసినవానికి అదే పిలుపు హాస్యమును, వెనువెంటనే ఆర్ద్రతను కలిగించును. తప్పిపోయిన కూతురు పేర కట్టిన బడిలో ఆ కూతురే జీతమునకు పాఠములు చెప్పుచున్నదను సంగతి మనస్సునందుంచుకొని చూచిన, సామాన్యమైన సన్నివేశము సైతము రెండర్థముల పద్యమువలె భాసించును. తెలిసిన కథనే మరల వినగోరుట మన జాతికి క్రొత్త గాదు. హరికథకు పోవువాడు సీత దొరకునో దొరకదో తెలిసికొనుటకై పోవుట లేదు గదా! ‘మిస్సమ్మ’ ఆ శ్రోతృస్వభావమునకు సరిగా అమరిన సాంఘిక కథ.

ఈ కట్టడమునకు సంస్కృత నాటికలయందు పోలిక గలదు. శ్రీహర్షుని ‘రత్నావళి’లో సింహళరాజపుత్రిక ఓడ పగిలి, ఉదయనుని అంతఃపురమున సాగరిక యను పేర పరిచారికగా నుండును. చివరకు ఆమె రాజపుత్రిక యనియు, పట్టమహిషి వాసవదత్తకు బంధువే యనియు తేలుటతో వివాహమునకు అడ్డు తొలగును. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రము’నను ఇట్టి ప్రత్యభిజ్ఞయే కలదు. తనవారి ఇంటిలో తాను అపరిచితయై తిరుగుట, గుర్తుచేత బయలుపడుట, పిమ్మట పెండ్లి జరుగుట అను వరుస ‘మిస్సమ్మ’లోను అదే. కాని ఒక ముఖ్యమైన భేద మున్నది. రత్నావళికి తానెవరో తెలియును, తెలిసియు దాచుచున్నది. మేరీ దాచుచున్నది వేరు, ఆమెకు తెలియనిది వేరు. తాను అవివాహితనని దాచుచున్నది. తాను మహాలక్ష్మినని ఎరుగదు. ఆమె ధరించిన ముసుగు క్రింద ఆమెకే తెలియని మరియొక ముసుగు గలదు. ప్రాచీన నాటికలో ఒక పొరగా నున్న వంచన ఇక్కడ రెండు పొరలైనది.

శృంగారము విషయమునను ఈ చిత్రము వాడుకైన వరుసను తలక్రిందులు చేసినది. ప్రేమకథలలో అనురాగము ముందు, వివాహము తరువాత. ఇందు వివాహరూపము ముందు వచ్చి, అనురాగము దానిని వెదకుకొనుచు వెనుక నడచుచున్నది. ఒక్క కప్పు క్రింద కాపురము, ఒకరి అలవాట్లపై ఒకరికి విసుగు, ఇరుగుపొరుగు ముందు మర్యాద, తలుపు మూయగనే తగవు: ఇవి యన్నియు దాంపత్యమున నుండునవే. అవి నటన యని చెప్పబడుటయే ఇందలి హాస్యము. పెద్దలు కుదిర్చిన పెండ్లిండ్లు చేసికొని, ముందు దంపతులై పిమ్మట పరిచితులైన లక్షలాది తెలుగువారికి ఈ వింతకథ నిజముగా వింత కాదు. వారు తమ కాపురముల తొలినాళ్లను, పుస్తెలు లేని వేషమున, దూరమునుండి చూచుకొనగలిగిరి. అసంభవమైన సంవిధానము అందరి అనుభవమునకు అద్దమగుట ఈ చిత్రమునకు లభించిన గొప్ప అదృష్టము.

పేరునందే ఈ తత్త్వము సూచితమైనది. మిస్సు అనునది అవివాహితను తెలుపు ఆంగ్లపదము. అమ్మ యనునది మన గౌరవవాచకము. రెండును చేరి క్రైస్తవ ఉపాధ్యాయినులకు తెలుగునాట ఏర్పడిన పిలుపు మిస్సమ్మ. లోకమునకు ఇల్లాలుగా చెలామణి యగుచున్న యువతి చిత్రమంతటను శీర్షికలో కన్యగానే నిలిచియున్నది. ఇట్టి శబ్దచమత్కారము పింగళివారి రచనయందంతటను వ్యాపించినది. ఆయన హాస్యము పరిహాసపాత్రుని గాయపరచదు. దేవయ్య నోట ధనమునకు ‘తైలము’ అని పేరు పెట్టించినపుడు ఆ మాట నవ్వించుటయేగాక, డబ్బు లేనిదే ఏ బండియు కదలదను లోకరీతిని కూడ చెప్పినది.

పాటలు ఈ చిత్రమున కథనాపి విశ్రాంతి నిచ్చునవి కావు. మాటాడరాని వారు మాటాడుకొను ఉపాయములు. రావు ఒక పాటను యువతికి బోధగా పాడును. యువకులను శాసించుటకే యువతులు పుట్టిరను ఎత్తిపొడుపు అందలి సారము. మేరీ పిమ్మట అదే వరుసలో చెల్లెలికి బోధగా బదులు పాడి, మగవారికి దూరముగా మెలగుమని చెప్పును. బాణీ ఒకటి, ఉద్దేశము రెండు. ఇరువురును ఎదుటివారి నుద్దేశించియే పాడుచున్నారు. ఒకరును ఎదుటివారిని సంబోధించరు. స్త్రీల మాటలకు విపరీతార్థము చెప్పవలెనని రావు పాడిన మరియొక గీతమును నేటివారు కొందరు ఆక్షేపించవచ్చును. సూత్రముగా గ్రహించినచో ఆ ఆక్షేపణ న్యాయమే. కాని చిత్రమున ఆ మాటలు పలుకువాడు తాను పలికిన ప్రతిమాటకును వేరర్థము గలవాడే యని మరువరాదు. అక్కడ నవ్వు స్త్రీమీద కంటె రావుమీదనే ఎక్కువగా పడుచున్నది.

చంద్రుని సంబోధించిన యుగళగీతము ఈ పద్ధతికి శిఖరము. భార్యమీద అతడును, భర్తమీద ఆమెయు చంద్రునితో చాడీలు చెప్పుదురు. మనమనుటను, మనదనుటను ఆమె సహింపదని అతని ఆరోపణ. మతమను శబ్దము ఇందు ధర్మమునకును, అభిప్రాయమునకును సమముగా చెల్లుచు కథలోని అసలు చిక్కును మెల్లగా తాకిపోవుచున్నది. తగవు తీర్చుమని ఇరువురును ఒకే మధ్యవర్తిని ఆశ్రయించుటలోనే తగవు తీరిపోయినది. ఎ. ఎం. రాజా, పి. లీల గొంతులలోని నిదానమును, బార్ట్లే కల్పించిన వెన్నెలయును కూడి ఈ ఘట్టమును తెలుగు చిత్రములలో మరపురానిదిగా చేసినవి.

నటనను గూర్చి విస్తరింప నక్కరలేదు. మేరీ పాత్రకు మొదట భానుమతి నియుక్తయై, కొంత చిత్రీకరణ జరిగిన పిమ్మట విరమించుకొనగా, సీత పాత్రకు ఎన్నుకొనబడిన సావిత్రి ఆ స్థానమునకు వచ్చెను. సీత పాత్ర జమునకు దక్కెను. సావిత్రి మేరీకి ఇచ్చినది కోపము. ఆ కోపమున ఆత్మగౌరవ మున్నది. పొట్టకూటికై ఆడిన అబద్ధము తనను తినివేయుచున్నదను బాధ యున్నది. అందుచేత అది కరగుట ఓటమిగా తోచదు. ఎన్. టి. రామారావు తన పాత్రను తగ్గుస్వరమున, ఓర్పుతో నడిపెను. ‘దేవదాసు’తో 1953లో విషాదనాయకుడుగా స్థిరపడిన అక్కినేని నాగేశ్వరరావు రెండేండ్లకే నవ్వులపాలగు పరిశోధకుని వేషము ధరించుట సాహసమే. ఆ వెఱ్ఱిపరిశోధకుడే చివరకు సత్యమును కనిపెట్టుట చిత్రముయొక్క పరిహాసధర్మమునకు అనుగుణము. ఎస్. వి. రంగారావు గోపాలము ఐశ్వర్యమును గాక, కూతురులేని ఇంటి లోటును చూపెను.

ఇక ఒక ప్రబలమైన ఆక్షేపణ కలదు. హిందూ యువకుడును, క్రైస్తవ యువతియు ప్రేమించుకొనిన చిక్కును లేవనెత్తి, ఆమె పుట్టుకచేత హిందువే యని తేల్చి, చిత్రము సమస్యను పరిష్కరింపక తప్పించుకొనినదని విమర్శకు లందురు. ఈ మాట త్రోసిపుచ్చదగినది కాదు. కాలిమీది పుట్టుమచ్చ ఒక విశ్వాసమునకు సమాధానము కానేరదు. మేరీమాతను ప్రార్థించుచు ఆమె పాడిన గీతమును చిత్రము ఎంతో గౌరవముతో, మన సంగీతపు భాషలోనే, విన్పించినది; ఆ భక్తి పిమ్మట ఏమైనదో చెప్పలేదు. ఆమెను పెంచిన తల్లిదండ్రుల నష్టము ముగింపు సంతోషములో వినబడదు. ఇది ఈ చిత్రమున నిజమైన లోపము.

అయినను ఒక సంగతి గమనింపవలెను. రహస్యము బయలుపడుటకు ముందే మేరీ మనస్సు మారినది. సంగీతపాఠముల మూలమున సీతకును రావుకును గల చనువు చూచి ఆమెకు కలిగిన అసూయయు, తనలోని మార్పునకు తానే విస్తుపోవుచు పాడిన పాటయు ఇందుకు సాక్ష్యములు. ఆమె మేరీగానే ప్రేమించినది, మహాలక్ష్మిగా కాదు. పుట్టుమచ్చ లోకము నొప్పించినది గాని హృదయమును మార్చలేదు. 1955 నాటి లోకము అంతమాత్రమే ఒప్పుకొనగలదని నిర్మాతలు తలచియుందురు. కాని ప్రేక్షకుని మనస్సు పుట్టుమచ్చ వరకు ఆగలేదు; చంద్రుని యెదుటనే వారికి పెండ్లి చేసినది. కట్టుకథ జంకిన చోట పాత్రలు జంకలేదు.

ఈ చిత్రమే ఏకకాలమున తమిళమున ‘మిస్సియమ్మ’గా నిర్మింపబడి అదే జనవరిలో విడుదలయైనది, 1957లో ‘మిస్ మేరీ’గా హిందీలోనికి పోయినది. వంగదేశమునుండి బయలుదేరి భాషలు దాటిన ఈ కథ పోయిన చోటనెల్ల నిలిచినదనగా, దాని బలము ఒక్క ప్రాంతపు వేషభాషలలో మాత్రమే లేదని స్పష్టము. అబద్ధమాడినవారు శిక్షింపబడుట నీతికథ. అబద్ధమాడినవారు తమ అబద్ధమునకు తామే బద్ధులై, దానిని నిజము చేయవలసి వచ్చుట హాస్యకథ. కలసి బ్రదుకుచు, మర్యాదకై ఆడిన మాటను మనసారా అనగలుగుట ఎవ్వరికైనను కోరదగినదే. ఆ కోరిక ఉన్నంతకాలము ‘మిస్సమ్మ’ను చూచి నవ్వువారును ఉందురు.