జ్ఞానోదయ తత్వం: ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

గత పాఠాల్లో లాక్, రూసో, దిదెరో, కాంట్‌ల వాదాలు చదివారు. స్వేచ్ఛ, ప్రభుత్వం, విద్య, మానవ స్వభావం గురించి వారేమన్నారో మీకు తెలుసు. ఈ పాఠంలో వాటిని మళ్ళీ వల్లించం, తూచి చూస్తాం. అందుకు పారిస్ దాకా వెళ్ళనక్కరలేదు.

ఈ పాఠం రాస్తున్నది గరికపాడులో కూర్చుని. జగ్గయ్యపేట నుంచి హైదరాబాదు వెళ్ళే రహదారిమీద, రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు ఉన్న ఊరిది. అదే దారిన ముందుకు సాగితే కోదాడ, ఆ తరువాత మునగాల వస్తాయి. వెనక్కి తిరిగి జగ్గయ్యపేట దాటి పక్కకు వెళ్తే మున్నేటి ఒడ్డున పెనుగంచిప్రోలు. పెనుగంచిప్రోలులో పుట్టిన అక్కాతమ్ముళ్ళు భండారు అచ్చమాంబ (1874–1905), కొమర్రాజు లక్ష్మణరావు (1877–1923). లక్ష్మణరావు ఉద్యోగం చేసింది మునగాల సంస్థానంలో. జ్ఞానోదయ తత్వానికి ఉన్న బలమూ, దాని లోపమూ ఈ ఇద్దరి జీవితాల్లో మనకు కనిపిస్తాయి.

1. మైనారిటీ ఎవరి తప్పు?

‘జ్ఞానోదయం అంటే ఏమిటి?’ అనే ప్రశ్నకు కాంట్ 1784లో ఒక చిన్న వ్యాసంలో జవాబిచ్చాడు. మనిషి తనంతట తాను తెచ్చుకున్న మైనారిటీ నుంచి బయటపడటమే జ్ఞానోదయం అని దాని సారాంశం. ఇతరుల ఆసరా లేకుండా సొంత బుద్ధిని వాడలేకపోవడమే మైనారిటీ. తెలివి లేక కాదు, తెగువ లేక, బద్ధకం వల్ల మనిషి అందులో ఉండిపోతాడన్నాడు కాంట్. జనాన్ని భయపెట్టి తమ చెప్పుచేతల్లో ఉంచుకునే సంరక్షకులనూ ఆయన విమర్శించాడు. అయినా ప్రధానమైన తప్పు మాత్రం మైనారిటీలో ఉన్నవారి మీదే మోపాడు.

కొన్నేళ్ళ క్రితం ఒక అధ్యయన కేంద్రంలో ఈ వ్యాసం చెబుతున్నాను. మిరప కోతలకు వెళ్తూ డిగ్రీ చదువుతున్న ఒక గృహిణి లేచి, “మాస్టారూ, ఏడో తరగతితో నేను బడి మానేసింది నా బద్ధకం వల్లేనంటారా?” అని అడిగింది. ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఈ పాఠం కొంతవరకు ఆమెకు నేను బాకీపడిన జవాబు.

2. అచ్చమాంబ: విద్య, మానవ స్వభావం

పుట్టినప్పుడు మనసు రాయని కాగితం వంటిదని, దానిమీద రాసేది అనుభవమేనని లాక్ చెప్పాడు. ఈ మాట నిజమైతే పుట్టుకతో ఎవరి బుద్ధీ తక్కువ కాదు. రూసో 1762లో ‘సామాజిక ఒడంబడిక’లో మనిషి స్వేచ్ఛను గట్టిగా సమర్థించాడు. అదే ఏడాది వచ్చిన ‘ఎమిలీ’లో బాలుడు అనుభవంతో, స్వతంత్రంగా నేర్చుకోవాలన్నాడు. కానీ ఐదో భాగంలో సోఫీ దగ్గరకు వచ్చేసరికి కొలత మారింది. ఆమె చదువు పురుషుడికి అనుకూలంగా ఉంటే చాలు, అది ప్రకృతి నియమం అన్నాడు. ఈ వైరుధ్యాన్ని మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో ఎండగట్టింది. స్త్రీలలో కనిపించే బలహీనత స్వభావం కాదు, పెంపకం అన్నది ఆమె వాదం.

అచ్చమాంబ బడికి వెళ్ళి చదువుకున్నది లేదు. చిన్నతనంలోనే పెళ్ళయింది. చదువుకోవడానికి తమ ఇంటికి వచ్చి ఉన్న తమ్ముడి పక్కన కూర్చుని ఆమె చదవడం, రాయడం నేర్చుకుంది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ప్రచురించింది. స్త్రీలు బుద్ధిహీనులనీ, చదువుకుంటే చెడిపోతారనీ అనేవారికి చరిత్ర నుంచి సాక్ష్యాలు చూపడమే ఆ పుస్తకం లక్ష్యం. 1902లో వచ్చిన ఆమె ‘ధనత్రయోదశి’ని తొలి తెలుగు కథగా పలువురు విమర్శకులు గుర్తించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అచ్చమాంబ మైనారిటీ ఆమె తెచ్చుకున్నది కాదు, ఆమె మీద పెట్టినది. తెగువ ఆమెకు ముందునుంచీ ఉంది. లేనిది పలక, పుస్తకం, తీరిక. కాంట్ నిర్వచనంలో ‘తనంతట తాను’ అన్న మాట అన్ని వేళలా చదువుకునే అవకాశమున్న పురుషుడికి సరిపోతుందేమో గాని, ఆమెకు సరిపోదు.

3. లక్ష్మణరావు: జ్ఞానాన్ని పంచే పని

దిదెరో, డాలెంబర్‌ల సంపాదకత్వంలో మొదలైన ఫ్రెంచి విజ్ఞానసర్వస్వం 1751–1772 మధ్య 17 పాఠ్య సంపుటాలు, 11 చిత్ర సంపుటాలుగా వెలువడింది. వేదాంతంతో పాటు కంసాలి, నేతగాడు వంటి వృత్తులవారి పనిముట్లకూ అందులో చోటు దొరికింది. చేతిపనిని జ్ఞానంగా గుర్తించడమే ఆ గ్రంథం తెచ్చిన పెద్ద మార్పు. 1759లో ప్రభుత్వం అనుమతి రద్దు చేసినా దిదెరో పని ఆపలేదు.

తెలుగులో ఆ స్థాయి సంకల్పం లక్ష్మణరావుది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించినవారిలో ఆయన ఒకరు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడటంలో ముఖ్యపాత్ర ఆయనదే. చరిత్ర, శాస్త్రం, జీవిత చరిత్రలు ఇంగ్లీషు రానివారికి తెలుగులో అందాయి. తరువాత ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ తలపెట్టారు. మూడు సంపుటాలు వచ్చినా ‘అ’ అక్షరం దాటకముందే ఆయన కన్నుమూశారు.

మీరు ఇప్పుడు తెలుగు మాధ్యమంలో, ఇంటి దగ్గరే ఉండి తత్వశాస్త్రం చదువుతున్నారంటే ఆ దారి వేసినవారిలో ఆయన ముందుంటారు.

4. మునగాల: పోషకుడి గడప

ఈ పనులకు అండ మునగాల రాజా నాయని వెంకటరంగారావు. లక్ష్మణరావు ఆయన దగ్గర దివాను. మునగాల పరగణా కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోదే అయినా చుట్టూ నిజాం రాజ్యం. బయట ఉన్న చాలా ఆంక్షలు లేని ఆ చోట విద్యాభిమాని అయిన జమీందారు ఉండటం తెలుగు పుస్తకానికి మేలు చేసింది. దీన్ని తక్కువ చేసి చూడకూడదు.

కానీ ఆ పరగణాలోనే రైతులు వెట్టికీ, అక్రమ వసూళ్ళకూ వ్యతిరేకంగా 1930లలో ఆందోళన చేశారు. ఇది ఒక్క మునగాల కథ కాదు. వోల్టేర్‌కు ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పోషకుడు. దిదెరో గ్రంథాలయాన్ని రష్యా రాణి కేథరిన్ 1765లో కొన్నది. 1773లో ఆయన ఆమె కొలువుకు వెళ్ళి సంస్కరణలు సూచించాడు. రష్యాలో బానిస రైతుల బతుకు మాత్రం మారలేదు. ఎంతైనా వాదించండి, కానీ లోబడి ఉండండి అనే రాజును కాంట్ తన వ్యాసంలో మెచ్చుకున్నాడు. పోషకుడు ఇచ్చిన దీపం ఊరంతటికీ వెలుగిస్తుంది, పోషకుడి గడప దగ్గరకు వచ్చేసరికి మసకబారుతుంది. విజ్ఞాన సర్వస్వం ‘ర’, ‘వ’ల దాకా రాలేదు. రైతు, వెట్టి అనే మాటలకు అర్థం ఏమిటని ఆ పరగణా జనమే అడగవలసి వచ్చింది.

5. మన అంచనా

అయితే జ్ఞానోదయం దొరల వ్యవహారం అని తోసిపుచ్చవచ్చా? కూడదు. పుస్తకం ఒకసారి బయటికి వచ్చాక ఎవరి ప్రశ్నకు ఉపయోగపడాలో పోషకుడు నిర్ణయించలేడు. హైదరాబాదులో మొదలైన గ్రంథాలయోద్యమం నుంచే ఆంధ్ర మహాసభకు కార్యకర్తలు వచ్చారు. 1940లలో ఆ సభే వెట్టిని ఎదిరించింది. ఇటు మద్రాసు రాష్ట్రంలో 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. అధికారం చేయడం ఎవరికీ ప్రకృతి ఇచ్చిన హక్కు కాదన్న దిదెరో మాటను దిదెరో కంటే రైతులే పూర్తిగా నమ్మారు.

కాబట్టి కాంట్ నిర్వచనాన్ని ఇలా సవరించుకుందాం. సొంత బుద్ధిని వాడే తెగువ అవసరమే. ఆ తెగువకు అవకాశం లేకుండా చేసిన ఏర్పాట్లను ప్రశ్నించడం కూడా జ్ఞానోదయంలో భాగమే. ఆనాడు ప్రశ్న అడిగిన ఆమెకు ఈనాడు నా జవాబు ఇది: బడి మానడం మీ బద్ధకం కాదమ్మా. మళ్ళీ పుస్తకం పట్టడం మాత్రం మీ తెగువే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. కాంట్ చెప్పిన ‘మైనారిటీ’ భావనను అచ్చమాంబ జీవితం ఆధారంగా విమర్శించండి.
2. ఫ్రెంచి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాల పోషణలో గల పోలికలు, పరిమితులు చర్చించండి.
3. మీ ఇంట్లో చదువు ఆపేసిన ఒక పెద్దావిడతో మాట్లాడండి. ఆమె చదువు ఆగడానికి కారణాలను రాసి, వాటిలో ఆమె చేతిలో ఉన్నవెన్నో, లేనివెన్నో విడదీయండి.