పక్కకు తిరిగి పడుకోనివ్వని నొప్పి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్తే నలభై దాటిన ఆడవాళ్ల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది: "కుడి పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నానమ్మా." తుంటి బయటివైపు, చేత్తో తడిమితే తగిలే ఎముక గుబ్బ దగ్గర నొప్పి. స్టేషన్‌లో ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కినా, కాలు మీద కాలేసుకుని కూర్చుని లేచినా అక్కడే సలుపు. ఇంట్లోవాళ్లు సయాటికా అంటారు. కొందరు డాక్టర్లు బర్సైటిస్ అని రాసి సూది వేస్తారు. ఈ నొప్పి గుట్టు తెలిసిన విద్య మాత్రం ఫిజియోథెరపీ. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

ఆ గుబ్బ పేరు ట్రొకాంటర్. గ్లూటియస్ మీడియస్, మినిమస్ అనే పిరుదు కండరాల టెండన్లు దానికే అతుక్కుని ఉంటాయి. ఒరిపిడి లేకుండా కాపాడే పలచని తిత్తి బర్సా. ఎన్నో ఏళ్లు తప్పంతా ఆ తిత్తి మీదకే నెట్టారు. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఈ నొప్పి ఉన్న 877 మందికి అల్ట్రాసౌండ్ చేసి చూస్తే బర్సా వాచింది ఐదో వంతు మందికే. దాదాపు సగం మందిలో దెబ్బతిన్నది టెండన్.

ఇక్కడి ఒక ఫిజియోథెరపిస్టు పని దగ్గరుండి చూశాను. ఆమె ముందుగా రోగిని గోడ పక్కన నిలబెట్టింది. "అమ్మా, ఒక్క వేలు గోడకు ఆనించి, నొప్పి ఉన్న కాలి మీద నిలబడండి. రెండో కాలు ఎత్తండి. నేను చెప్పేదాకా దించొద్దు." ముప్పై సెకన్లు. ఆమె చూపు రోగి ముఖం మీద లేదు, నడుం మీద ఉంది. పదిహేను సెకన్లు దాటేసరికి ఎత్తిన కాలివైపు కటి కిందికి వాలింది, మొండెం నిలబడ్డ కాలివైపు ఒరిగింది, నొప్పి సరిగ్గా గుబ్బ మీద పలికింది. కటి అలా వాలడాన్ని జర్మన్ సర్జన్ ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లోనే వివరించాడు. యంత్రం లేదు, స్కానింగు లేదు. ఎంత చక్కని పరీక్ష!

ఆ తర్వాత చికిత్స అలవాట్లతో మొదలైంది. రేషను క్యూలో ఒంటికాలి మీద బరువేసి నడుం వంకరగా నిలబడడం, బిడ్డను ఒకే చంకన మోయడం, కాలు మీద కాలేసుకోవడం, ఇవన్నీ టెండన్‌ను ఎముకకేసి నొక్కుతాయి. వాటిని మానిపించింది. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోమంది. నొప్పి పోతుందని కాలిని అడ్డంగా లాగి సాగదీసే వాళ్లను కూడా ఆపేస్తుంది, అది నొక్కుడును మరింత పెంచుతుంది కాబట్టి. తర్వాత కండరాలపై బరువు వేసే వ్యాయామాలు మొదలు: తొడలకు బెల్టు కట్టి కదలకుండా బయటికి నెట్టడం, వెల్లకిలా పడుకుని నడుం ఎత్తడం, కుర్చీ అంచు దాకా కూర్చుని లేవడం, పక్కకు అడుగులు వేయడం. వారంవారం కష్టం పెంచుతూ పోయింది. కొద్దిపాటి నొప్పి వచ్చినా తెల్లారేసరికి తగ్గితే సరే, తగ్గకపోతే ఒక మెట్టు దిగాలి. ఆ మోతాదు ఎరిగి నడిపించడంలోనే పనితనమంతా ఉంది.

ఈ పద్ధతికి మెరుగులు దిద్దిన వాళ్లలో బ్రిస్బేన్ ఫిజియోథెరపిస్టు ఆలిసన్ గ్రిమాల్డీకి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆమె, రెబెక్కా మెల్లర్, బిల్ విసెంజీనో తదితరులు 204 మందిపై చేసిన పరీక్ష 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఎనిమిది వారాల్లో బాగా మెరుగయ్యామని చెప్పినవాళ్లు వ్యాయామం, అవగాహన పొందినవారిలో 77 శాతం. స్టెరాయిడ్ సూది తీసుకున్నవారిలో 58 శాతం, ఊరికే వేచి చూసినవారిలో 29 శాతం. ఏడాదికి కూడా వ్యాయామం వర్గమే ముందుంది. సూది మొదటి నెలలో ఊరటనిస్తుంది, కాదనను. కానీ 2009లో రాంపే అనే పరిశోధకుడి బృందం చూపినట్టు పదిహేను నెలలకు సూది వెనకబడింది, ఇంటి వ్యాయామం ముందుకొచ్చింది.

ఇంత విద్యను ఏం చేస్తున్నారో చూస్తే కడుపు మండుతుంది! గల్లీకో గది, అందులో ఒక మంచం, ఒక కరెంటు మిషను, ఒక హాట్‌ప్యాక్. పది సిట్టింగుల ప్యాకేజీ. రోగిని ఫ్యాన్ కింద పడుకోబెట్టి వైర్లు తగిలించి వెళ్లిపోతారు. నిలబెట్టి చూసేవాడుండడు, ఇంట్లో ఏం చేయాలో చెప్పేవాడుండడు. నొప్పి తిరిగొస్తుంది, నింద ఫిజియోథెరపీ మీద పడుతుంది. ఇది ఆ విద్యకు ద్రోహం.

ఈ మాట బిలాస్‌పూర్‌కు మరీ వర్తిస్తుంది. ఈ ఊరు 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ముఖ్యకేంద్రం. మనవాళ్ల తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వచ్చారని పెద్దలంటారు. కంకర రాళ్ల మీద పనిముట్లు మోస్తూ నడిచే ట్రాక్‌మన్లకు, ఇంటి బరువంతా నడుం మీద మోసే ఆడవాళ్లకు ఈ విద్య అసలు రూపంలో అందాలి.

పడి దెబ్బ తగిలినా, జ్వరం ఉన్నా, కాలు నేల మీద మోపలేకపోయినా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లండి. లేదంటే ఫిజియోథెరపిస్టును వెతుక్కోండి, బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివారో లేదో అడగండి. నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి చూస్తారా, ఇంట్లో ఏ వ్యాయామం ఎన్ని వారాలు చేయాలి అని కూడా అడగండి. జవాబు లేకుండా వైర్లు తగిలిస్తే, లేచి వచ్చేయండి.