‘కవరు’ శబ్దము – అర్థపరిణామము

అంగడివారు సరకు వేసి యిచ్చు పలుచని ప్లాస్టిక్ తిత్తిని నేటి తెలుగువారు ‘కవరు’ అందురు. ఆంగ్లమున ‘కవర్’ అనగా కప్పునది. తిత్తి యను నర్థము అచ్చటి వాడుకలో లేదు. కావున ఈ ప్రయోగము దోషమనియు, ‘ప్లాస్టిక్ సంచి’ యనుటయే సాధువనియు ఒక మతము కలదు. అది విచారణీయము.

ఈ శబ్దము లాటిను నుండి ఫ్రెంచి ద్వారా ఆంగ్లమును చేరినది. తెలుగు ‘కప్పు’ ధాతువుతో దీనికి గల పోలిక యాదృచ్ఛికము. తుది రేఫకు ఉకారము చేరుట పేపరు, నంబరు శబ్దములందు వలెనే. ‘ఊరు’ శబ్దమునకు ‘ఊళ్లు’ అను బహువచనము కలదు. ‘కవరు’నకు ‘కవర్లు’ తప్ప ‘కవళ్లు’ లేదు. ఇది అన్యదేశ్యత్వమునకు చిహ్నము.

ఉత్తరమును మూయు కాగితమునకు ఆంగ్లముననే ‘కవర్’ అను పేరు కలదు. తపాలా వలన తెలుగున స్థిరపడినది ఆ యర్థమే. ‘కార్డు, కవరు’ అను జంట సుప్రసిద్ధము. పాలిథీను 1933లో ఇంగ్లండున కనుగొనబడెను. చేతిపట్లు గల ఏకఖండపు ప్లాస్టిక్ తిత్తికి 1965లో స్వీడను దేశపు సెల్లోప్లాస్ట్ సంస్థ పేటెంటు పొందెను. అనగా ఈ వస్తువు వచ్చునాటికే తెలుగున పేరు సిద్ధముగా నున్నది. పలుచని రేకు, మూయబడిన మూడు వైపులు, ఒక నోరు – ఈ లక్షణములు రెంటికిని సమానములు. ద్రవ్యము మాఱినది, ఆకారము మాఱలేదు. ‘కప్పునది’ క్రమముగా ‘లోన నిలుపునది’ అయ్యెను. తమిళ కన్నడములందును ఈ వ్యవహారము కలదు. మూలార్థమును తెలుగు మఱచినదనుటయు పొసగదు. ‘కవరింగు నగలు’, ‘తప్పును కవరు చేయుట’ అను ప్రయోగములలో అది నిలిచియే యున్నది.

ఇక సమానార్థకముల సంగతి. సంచి కుట్టినది, పలుమాఱులు వాడదగినది. పొట్లము కాగితముతోనో ఆకుతోనో కట్టినది. విప్పినచో దాని రూపము పోవును. ప్యాకెట్టు సరకుతో మూసి వచ్చునది. కవరు వీనిలో దేనికిని పర్యాయము కాదు.

ఈ భేదము నిఘంటుకారులకు మాత్రమే కావలసినది కాదు. 120 మైక్రానుల మందము లేని సామాన్య ప్లాస్టిక్ కవర్లను 2022 డిసెంబరు 31 నుండి దేశమున నిషేధించిరి. ‘సంచి తెచ్చుకొనుడు, కవరు వలదు’ అన్నచో పామరునకును తెలియును. రెంటిని ‘సంచి’ యన్నచో విధియు నిషేధమును ఒకే పేరును పొందును. కావున నిఘంటువులందు ‘కవరు’నకు ఉత్తరపు కవరు అను నర్థముతో పాటు ఈ యర్థమును గూడ, దోషముగా గాక దేశవ్యవహారముగా, చేర్పవలెను. ఎరువు తెచ్చుకొన్న శబ్దమునకు అర్థనిర్ణయము చేయునది తెచ్చుకొన్న భాషయే గాని ఇచ్చిన భాష కాదు.