ఎడమ కిడ్నీ పక్కన ఇంకో రెండు నిమిషాలు

కుక్కకు వాంతులు, విరేచనాలు అనగానే స్కానింగ్ గదిలో ప్రోబ్ తిన్నగా పేగుల మీదికి పోతుంది. పేగు గోడ మందం చూస్తాం, మింగిన బంతో మామిడి టెంకో అడ్డం పడిందేమోనని వెతుకుతాం. ఏమీ దొరక్కపోతే పేగుల వాపు అని రాసి పంపించేస్తాం. కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథులు కూడా చూస్తే తప్ప ఆ స్కాన్ పూర్తయినట్టు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అడ్రినల్ దెబ్బతిన్న కుక్క అచ్చం కడుపు చెడిన కుక్కలాగే వస్తుంది. తిండి ముట్టదు, కక్కుతుంది, నీరసంగా మూలన పడుంటుంది. సెలైన్ ఎక్కిస్తే మర్నాటికి తోకాడిస్తుంది. కొన్నాళ్ళకు మళ్ళీ అదే వరస. "పెరుగన్నం తప్ప ఏమీ పెట్టట్లేదు డాక్టర్ గారూ, అయినా తగ్గి మళ్ళీ వస్తోంది" అంటారు ఇంట్లోవాళ్ళు. ఆ 'తగ్గి మళ్ళీ వస్తోంది'ని కేస్ షీట్‌లో తప్పకుండా రాసుకోవాలి. మనుషుల్లో ఈ జబ్బును 1855లో వర్ణించిన లండన్ వైద్యుడు థామస్ అడిసన్ పేరే దీనికి నిలిచింది. రక్తంలో సోడియం పడిపోయి పొటాషియం పెరిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. కొన్ని కుక్కల్లో ఆ రెండూ మామూలుగానే ఉంటాయి. ఏళ్ళ తరబడి అజీర్తి మందులు మింగేవి అవే.

ఎడమ గ్రంథిని పట్టుకోవడం కాస్త తేలిక. డొక్క మీద బొచ్చు గొరిగి, జెల్ రాసి, ముందు బృహద్ధమనిని చూడాలి. దాన్నుంచి ఎడమ కిడ్నీకి రక్తనాళం చీలే చోటుకు కొంచెం తలవైపుగా, నడుము సన్నబడ్డ వేరుశనక్కాయలా కనిపిస్తుంది. కుడిది పక్కటెముకల కింద లోతుగా ఉంటుంది, పేగుల్లో గ్యాస్ నిండితే మరీ కష్టం. కొలవాల్సింది పొడవు కాదు, మందం. ఎడమ గ్రంథి 3.2 మిల్లీమీటర్ల కన్నా పలచగా ఉంటే అడిసన్ జబ్బును గట్టిగా అనుమానించాలి. చిన్న జాతి కుక్కల్లో గ్రంథి సహజంగానే చిన్నది కాబట్టి ఒంటి బరువు కూడా చూసుకోవాలి. కొలత మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనీ అనలేం.

అనుమానం వచ్చాక ముందు కార్టిసాల్ ఒక్కటి చేయిస్తే చాలు. డెసిలీటరుకు 2 మైక్రోగ్రాములు దాటితే అడిసన్ దాదాపు కాదనే. తక్కువుంటే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి, గంట తర్వాత మళ్ళీ రక్తం తీసి తేల్చుకోవాలి.

ఒకటి మాత్రం ముందే అడగాలి. వారాల తరబడి స్టిరాయిడ్ వాడిన కుక్కలోనూ ఈ గ్రంథులు కుంచించుకుపోతాయి, కార్టిసాల్ తగ్గుతుంది. స్టిరాయిడ్ వాడారా అంటే చాలామంది లేదనే అంటారు. వాళ్ళకు తెలిసింది 'దురద ఇంజెక్షన్'. అందుకే పాత చిట్టీలన్నీ తెప్పించుకుని చూడాలి.

స్కాన్ రిపోర్టు రాసే మిత్రులను నేను కోరేది ఒక్కటే. గ్రంథి మామూలుగా ఉన్నా సరే, రెండు వైపులా మందం మిల్లీమీటర్లలో వేయండి. కనిపించకపోతే కనిపించలేదనే రాయండి.