రంగు వెలిసిన ఏడు

కంచికచర్ల నుంచి పెనుగంచిప్రోలు ఇప్పుడెంత దూరమని! కీసర టోల్‌గేటు, మునేటి వంతెన, నందిగామ దాటితే కాసేపట్లో తిరుపతమ్మ అమ్మవారి గుడి. మా చిన్నప్పుడు మాఘ పౌర్ణమి పెద్ద తిరునాళ్లకి బండి కట్టుకుని పోయేవాళ్లం. మునేట్లో మునిగి తడిబట్టలతో గుళ్లోకి పోతే ఒళ్లు ఝల్లుమనేది. అది చలో, భక్తో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

మొన్న కారులో వెళ్లాను. లైన్లో నిలబడ్డాను, దణ్ణం పెట్టాను, ఫోన్ చూసుకున్నాను. లోపల ఏమీ కదల్లేదు. కథ తెలియక కాదు. తిరుపతమ్మ భర్త గోపయ్యని పులి చంపడం, ఆమె అగ్నిప్రవేశం మా వైపు పిల్లలకి కూడా తెలుసు. 1963లో ఎన్టీఆర్ సినిమా కూడా వచ్చింది.

లోపల ఏమీ కదల్లేదన్న మాటే మా పెద్దమ్మతో అంటే, "అమ్మవారు రంగులకెళ్లినప్పుడు పేటకి రాలేదేంరా?" అంది.

పేటంటే జగ్గయ్యపేట. రెండేళ్లకోసారి తిరుపతమ్మ, గోపయ్య, సహదేవతల విగ్రహాలు అక్కడికి బయల్దేరతాయి. రంగులు వేయించుకుని ఊరేగింపుగా తిరిగొస్తాయి. చూడ్డానికి జనం విరగబడతారు. నాకు మాత్రం ఊరేగింపు కన్నా ఆ ఏర్పాటే ఆశ్చర్యం. దేవతకీ రంగు వెలుస్తుందని ఇంత బాహాటంగా ఒప్పుకుంటున్నారే! పసుపు, కుంకుమ, దీపాల పొగ, మొక్కుకునే చేతులు... రంగుని తినేది భక్తే కదా. అందుకని ఎవరూ లెంపలేసుకోరు, అపచారమనరు. గడువొచ్చింది, తీసుకెళ్లాలి, అంతే. కుంచె పట్టినవాడు కూడా ఈ రంగు మళ్లీ వెలుస్తుందని తెలిసే వేస్తాడు. అలాగని కనురెప్ప దగ్గర తొందరపడడు.

నా ఫోన్లో ధ్యానం నేర్పే యాప్ ఒకటుంది. పదకొండు రోజులు కుదురుగా కూర్చున్నాను. పన్నెండో రోజు పత్తి బేరంలో పడి మర్చిపోతే, లెక్క మళ్లీ సున్నాకి తెచ్చి చూపించింది. సిగ్గేసి ఆ తర్వాత తెరవలేదు. మనసు వెలిసిపోవడాన్ని నేను ఇన్నాళ్లూ ఆ యాప్ లెక్కలోనే చూసుకుంటున్నాను కాబోలు.

పెద్దమ్మ మోకాళ్లకి జండూబామ్ రాసుకుంటూ ఇదంతా వింది.

"వచ్చేసారి నన్ను తీసుకెళ్లు. కారు మాత్రం పేట బయటే ఆపు. అమ్మవారి వెనకాల నాలుగడుగులన్నా నడుస్తాను."

"ఈ మోకాళ్లతోనా?"

"నువ్వు చెయ్యి పట్టుకోవా ఏంటి?"